కుడివైపు భుజం

పదకొండో వారం

పోయిన వారం మీరు నన్ను కంపెనీ యార్డులో వదిలేసి వెళ్ళారు. ఎదురుగా తెల్ల బండి, దాని వెనక చక్రం మీద నా అరచెయ్యి. అక్కణ్ణుంచే చెప్తాను.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి రెండు ముక్కలు. నేను కార్ల కంపెనీలో మట్టిపని మేస్త్రీని. ఏ బండినైనా రేకుతో చేసే ముందు, నిజం బండంత సైజులో మైనం కలిపిన మట్టితో చేస్తారు. ఆ పని ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. మాది చవక బండ్ల కంపెనీ. జనం డబ్బాల కంపెనీ అనేవారు. మూడేళ్ళ కిందట ఏడో నంబరు బండికి మట్టి పట్టాం. కప్పు కిందికి, వెనక చక్రాల మీద భుజాలు పైకి. అది రోడ్డెక్కాక ఎవరూ డబ్బా అనడం లేదు. ఆ భుజాన్ని మలిచిన చెయ్యి నాదని కంపెనీ అనుకుంది. నేనూ అనుకున్నాను. శుక్రవారం నా చేతి అచ్చు తీసి, ఇత్తడిలో పోసి, గేటు పక్క గోడకి పెడతామన్నారు. అంతకుముందు ఒకసారి బండిని తడిమి చూద్దామని బుధవారం యార్డుకి వెళ్ళాను. తడిమాను. చెయ్యి ఆగిపోయింది.

నా చెయ్యి ఎలా వెళ్తుందో నాకు తెలుసు. ముందు తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఒకే ఊపున లాగుతాను. నా గీతకి మొదలు ఎక్కడో చివర ఎక్కడో తెలియదు. ఈ గీత అలా లేదు. వెనక తలుపు దాకా మామూలుగా వచ్చి, చక్రం నడినెత్తిన ఒక్కసారి పైకి లేచింది. ఎవరో అరచేతి మొదలుతో నెట్టినట్టు. అక్కణ్ణుంచి తోక దాకా ఊపిరి బిగబట్టుకుని దిగింది.

అవతలి వైపుకి వెళ్ళి తడిమాను. అదే గీత. మళ్ళీ ఇవతలికి వచ్చాను. అదే. రెండు వైపులూ ఒకటే. రెండూ నావి కావు.

మట్టిబండికి ఇద్దరు మేస్త్రీలం ఉండేవాళ్ళం. ఎడమ సగం నాది, కుడి సగం మా బావమరిదిది. నా భార్యకి తమ్ముడు. వాడిది పుర్రచెయ్యి. బండి ముక్కు నుంచి తోక వైపు లాగాలంటే ఒక పక్క కుడిచేతి వాడు, ఇంకో పక్క ఎడమచేతి వాడు ఉంటే పని సుఖం. అందుకే మా ఇద్దర్నీ విడదీయలేదు. ఇరవై ఆరేళ్ళు మా మధ్య ఎప్పుడూ ఒక బండి ఉండేది. కప్పు మీదుగా వాడి తల కనిపించేది. వాడు మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి.

ఏడో నంబరు పూర్తయిన రోజున పట్టీ వేసి కొలిచారు. రెండు వైపులూ కలవలేదు. కుడి వైపు వెనక చక్రం మీద నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ. రెండు చొక్కా గుండీలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. అప్పటి మేనేజరు ఒక పొట్టాయన. "తప్పెవరిది?" అని అడిగాడు.

"నాది సరిగ్గానే ఉంది" అన్నాను.

మూడే మాటలు. బావమరిది ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు. ఆలస్యంగా వచ్చినందుకు వాడి మీద అప్పటికే రెండు చీటీలున్నాయి. ఇది మూడోది అయింది. వాణ్ణి తీసేశారు.

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాడి వైపు ఎక్కువైన మట్టిని నేనే రేకు పెట్టి గీకేశాను. గీకిన మట్టిని బకెట్లో వేశాను. మా మట్టి పారెయ్యరు. మళ్ళీ ఓవెన్‌లో పెడతారు, మెత్తబడుతుంది, ఇంకో బండికి పనికొస్తుంది.

నేను గీకేసిన గీత ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది.

యార్డు నుంచి నేరుగా చీఫ్ గదికి వెళ్ళాను. చీఫ్ అంటే బండ్ల రూపం గీసే వాళ్ళందరికీ పెద్ద. వయసులో చిన్నది. నాకు కూతురుండి ఉంటే ఆ ఈడు. గోడల నిండా ఏడో నంబరు బొమ్మలు. టేబుల్ మీద ఒక రేకు పళ్ళెంలో బూడిదరంగు మట్టి పరిచి ఉంది, నా చెయ్యి కోసం.

"శుక్రవారం కదండీ మేస్త్రీగారూ. అప్పుడే చేతులు కడుక్కుని వచ్చేశారా?" అంది నవ్వుతూ.

"స్కాన్ ఏ వైపు చేశారు?"

ఆమె కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. మట్టిబండిని యంత్రంతో స్కాన్ చేసేటప్పుడు ఒక్క వైపే తీసుకుంటారు. దాన్నే తిరగేసి రెండో వైపుకి వాడతారు. నాది సరిగ్గా ఉంది కాబట్టి నా వైపే తీసుకుని ఉంటారనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. నేను అడగను.

"కుడి వైపు" అంది.

"ఎప్పుడు?"

"పట్టీ వేసిన సాయంత్రమే. మీరు గీకే ముందు రోజు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "నేను చేరి అప్పటికి నెల కాలేదు. అందరూ తప్పెవరిదని గొడవ పడుతుంటే వెనక స్టూల్ మీద కూర్చున్నాను. లేచి మీ వైపు చూశాను. బాగుంది. అటు వైపుకి వెళ్ళాను. వెళ్ళి రెండడుగులు పక్కకి జరిగాను."

"ఎందుకు?"

"గుద్దేస్తుందేమోనని."

నేను నిలబడే ఉన్నాను. ఆమె కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

"కోపం తెచ్చుకోకండి. మీ వైపు నుంచి చూస్తే బండి పరిగెత్తుతున్నా ఆగినట్టుంటుంది. అటు నుంచి చూస్తే ఆగి ఉన్నా వెళ్తున్నట్టుంటుంది. మన కంపెనీకి కావలసింది అదే. నలభై ఏళ్ళుగా మన బండ్లు ఎవరికీ అడ్డురాకుండా పక్కకి జరిగి నిలబడ్డాయి."

"నేను గీకుతున్నప్పుడు చెప్పలేదు."

"కొత్తదాన్ని కదా. చెప్పడానికి భయం. తర్వాత పాతదాన్నయ్యాను. ఇక చెప్పడానికి సిగ్గు."

ఆమె మీద నాకు కోపం రాలేదు. సిగ్గు సంగతి నాకూ తెలుసు.

"మరి గేటుకి నా చెయ్యెందుకు?"

"తప్పు చేశాడని తీసేసిన మనిషి చెయ్యి పెట్టమంటే పైవాళ్ళు ఒప్పుకుంటారా? ఆ తప్పే మన బండి అని మనమే గోడకెక్కించుకున్నట్టు." గొంతు తగ్గించింది. "మీరైతే ముప్ఫై ఒక్క ఏళ్ళున్నారు. డబ్బాల కాలమంతా మోశారు. అలా మోసిన చెయ్యి అనుకోండి."

మంచి మనసుతోనే అంది. మంచి మనసుతో అన్న మాటకి బదులు చెప్పడం కష్టం. నేను పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను.

"ఎక్కడికండీ?"

నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అంది. "శుక్రవారానికి ఎవరిదో ఒకరిది చెయ్యి కావాలి మేస్త్రీగారూ. ఎవరిదని మీరు నోరు విప్పి చెప్తే, పైవాళ్ళతో నేను పోట్లాడతాను. మీరు చెప్పాలి. నేను చెప్తే చెల్లదు."

నా బండి మూడో నంబరు. నేనూ వాడూ కలిసి చేసిందే. దాని తలుపు మొదటి నుంచీ సరిగ్గా పడదు. లాగి వేస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. మా వీధి పళ్ళ డాక్టరు దాన్ని చూసినప్పుడల్లా, "దీనికి తాళమెందుకండీ, ఎత్తుకెళ్ళినవాడు తిరిగి తెచ్చి ఇస్తాడు" అనేవాడు. ఇప్పుడాయన ఏడో నంబరు కోసం పేరు రాయించుకుని, వరసలో ముందుకి జరిపించమని నా చుట్టూ తిరుగుతున్నాడు. నన్ను మేస్త్రీగారూ అంటున్నాడు. మా వాచ్‌మన్ బస్సెక్కే ముందు టోపీ తీసి జేబులో పెట్టుకునేవాడు, కంపెనీ గుర్తు కనపడకుండా. ఇప్పుడు ఇంటికీ ఆ టోపీతోనే వెళ్తాడు. నాకూ అందరూ నమస్కారాలు పెడుతున్నారు. పెట్టి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోతారు. నేను నా ఇంటికి వెళ్తాను. ఆదివారం ఇంట్లో మాట్లాడే పని ఉండదు. సోమవారం గేటు దగ్గర వాచ్‌మన్‌ని పలకరించబోతే ముందు గొంతు సవరించుకోవాలి.

ఆ తలుపుకి ఒక కిటుకుంది. హ్యాండిల్ కింద అరచేతి మొదలు ఆనించి ఒక్క నెట్టు నెట్టాలి. నా భార్య కనిపెట్టింది. బండి చేసినవాణ్ణి నేను, నాకు తట్టలేదు. ఆమె నెడితే ఒక్కసారికే పడేది. నేను నెడితే మూడోసారికో నాలుగోసారికో పడుతుంది. ఆమె పోయి మూడేళ్ళు కావస్తోంది. ఇంకా నాకు అలవాటు కాలేదు.

పళ్ళెం పక్క సీట్లో పెట్టి, తలుపు నాలుగుసార్లు నెట్టి, బయలుదేరాను. సిగ్నల్ దగ్గర ఎర్ర ఏడో నంబరు నా పక్కన వచ్చి ఆగింది. రోడ్డు దాటుతున్న ఇద్దరు ఆగి దానికి ఫోటో తీసుకున్నారు. ఫోటోలో నా బండి పడకుండా ఫోన్ కాస్త పక్కకి తిప్పారు. నేను ఆ భుజం వైపే చూస్తున్నాను. ఆగే ఉంది. వెళ్తున్నట్టుంది. చీఫ్ చెప్పింది నిజమే.

బావమరిది ఉండేది పాత కట్టడంలో ఆఖరి అంతస్తు. మూడేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు. వాళ్ళ అక్క పోయిన రోజు వాడొచ్చి దూరంగా నిలబడి, దూరం నుంచే వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు. మెట్లు నలభై ఎనిమిది. సగంలో ఆగి ఊపిరి పీల్చుకున్నాను. తలుపు వాడి భార్య తీసింది. నాకు చెల్లెలి వరస.

నన్నూ పళ్ళేన్నీ మార్చి మార్చి చూసింది. లోపలికి తిరిగి కేకేసింది.

"ఏవండీ, ఎవరో వచ్చారు. చూడ్డానికి మా అన్నయ్యలాగే ఉన్నారు. కానీ మా అన్నయ్యకి మన ఇల్లు తెలియదు కదా."

"లోపలికి రానియ్" అన్నాడు వాడు.

"భోజనం కూడా తెచ్చుకున్నారు. మనం పెట్టమనుకున్నారేమో."

"మట్టి అమ్మా" అన్నాను.

"మూడేళ్ళకి వచ్చి మట్టి తెచ్చారా. సంతోషం. చెప్పులు అక్కడ వదలండి."

గదినిండా కాళ్ళు. చెక్క కాళ్ళు. వాడిప్పుడు బూట్లు కుట్టే కంపెనీకి చెక్క పాదాలు చెక్కుతున్నాడు. బెంచీ మీద, కిటికీ గట్టు మీద, కుర్చీల కింద, ఎక్కడ చూసినా అవే. కప్పు నుంచి వేడి దిగుతోంది. వాడు ఎడమచేత్తో ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది. బండి కప్పు మీదుగా కాకుండా వాణ్ణి అలా పూర్తిగా చూసి చాలా కాలమైంది.

"కూర్చో బావా. ఆ కాళ్ళు పక్కకి జరుపు."

జరిపి కూర్చున్నాను.

"ఇక్కడ పని హాయిగా ఉంది" అన్నాడు. "కుడీ ఎడమా కలవలేదని ఎవడూ తీసెయ్యడు. మనిషి కాళ్ళే కలవవు."

నేను నవ్వాలి. రాలేదు. పళ్ళెం వాడి ముందు బెంచీ మీద పెట్టాను. దారిపొడవునా కూడబలుక్కున్నది చెప్పాను. "కంపెనీ తీసుకుంది నీ వైపు. రెండు భుజాలూ నీవే. నాకివాళ తెలిసింది. గేటుకి చెయ్యి పెడుతున్నారు. అది నీదని నేను చెప్తాను. అచ్చు వెయ్యి."

వాడు ఆకురాయి కింద పెట్టాడు. "ఏమేవ్, విన్నావా? మీ అన్నయ్య ఇన్ని మాటలు పెళ్ళిలో కూడా మాట్లాడలేదు."

"వింటున్నా" అంది చెల్లెలు వంటగదిలోంచి.

"వెయ్యరా" అన్నాను.

"వెయ్యను."

"కోపమా?"

"కోపం మొదటి ఏడాదితోనే పోయింది. ఈ ఎండకి ఏదీ నిలవదు." పళ్ళెంలో మట్టిని బొటనవేలితో నొక్కి చూశాడు. అలవాటు. "ఆ గీత నాదని నీకెవరు చెప్పారు?"

"నీ వైపు ఉంది."

"నా వైపు ఉంది. నాది కాదు."

నాకు అర్థం కాలేదు. మట్టి గదిలోకి మేమిద్దరం తప్ప ఎవరూ రాకూడదు. చీఫ్‌లు కూడా గుమ్మంలో నిలబడి అడిగి వస్తారు.

"ఒకరోజు నువ్వు భోజనం డబ్బా ఇంట్లో మర్చిపోయావు" అన్నాడు వాడు. "గుర్తుందా? నువ్వు స్టోర్‌కి వెళ్ళావు, కొత్త రేకులు తేవడానికి. అక్క డబ్బా తీసుకుని వచ్చింది. వాచ్‌మన్ మనవాడే కదా, పంపించాడు. వచ్చి బండి చుట్టూ తిరిగింది. 'ఇదేమిట్రా, ఇదీ కూర్చునే ఉంది. మీ బండ్లు ఒక్కటీ లేవవా' అంది. వేళాకోళానికి, 'నువ్వు లేపు చూద్దాం' అన్నాను. ఓవెన్‌లోంచి ముద్ద తీసి చేతిలో పెట్టాను. చెయ్యి కాలిందని తిట్టింది. తిట్టి, ఆ ముద్దని చక్రం మీద అతికించి, ఇలా..." అరచేతి మొదలుని గాల్లో ముందుకి నెట్టి చూపించాడు. "ఒక్కటే నెట్టు."

నా చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. అక్కడే ఉంచాను.

"తర్వాత నేను రేకు పెట్టి నున్న చేశాను, అంతే. తీసేద్దామనే అనుకున్నాను. దూరంగా నిలబడి చూశాక తియ్యబుద్ధి కాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నీ మట్టి మీద ఎవరైనా చెయ్యేస్తే నువ్వు తిట్టవు, కొట్టవు. నెల రోజులు నోరు కట్టేసుకుంటావు. అక్క అప్పటికే డాక్టరు చుట్టూ తిరుగుతోంది. తన దగ్గర ఎన్ని నెలలున్నాయో తనకి తెలుసు. అందులో ఒక నెల నీకు అలా ఇచ్చెయ్యడం తనకిష్టం లేదు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"పొట్టాయన తప్పెవరిదన్నాడు. నేను నోరు తెరిస్తే అక్క పేరు రావాలి. నువ్వు నీది సరిగ్గా ఉందన్నావు. అబద్ధం ఆడలేదు బావా. నీది సరిగ్గానే ఉంది. దానికున్న జబ్బే అది."

"నీ ఉద్యోగం పోయిందని తనకి..."

"నేనే మానేశానని చెప్పాను తనతో. బద్ధకస్తుణ్ణని నమ్మింది. సులువుగానే నమ్మింది."

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గీకాను. ఆ సంగతి వాడికి చెప్పాలనుకున్నాను. వాడికి తెలుసు. బకెట్ సంగతీ తెలుసు. ఆ మట్టి ఓవెన్‌కి వెళ్ళి, ఎనిమిదో నంబరులోనో తొమ్మిదిలోనో ఎక్కడో కలిసిపోయింది. సాయంత్రం ఇంటికెళ్తే నా భార్య, ఇవాళ ఏం చేశారని అడిగింది. రోజూ అడిగేది. "పని" అన్నాను.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు వాడు. "గేటుకి ఎవరి చెయ్యి పెట్టిస్తావు?"

పోయిన మనిషి చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాను?

చెల్లెలు తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. ఇందాకటి వెటకారం మొహంలో లేదు. "ఇంకా ఎన్నాళ్ళు దాస్తారండీ? తీసి ఇవ్వండి. ఆయన సొత్తు."

వాడు స్టూల్ వేసుకుని అటక మీద నుంచి ఒక రేకు పెట్టె దించాడు. రెండు అరచేతులంత ఉంటుంది. చుట్టూ తాడు కట్టి ఉంది. దుమ్ము ఊది నా ముందు పెట్టాడు.

"ఆ రోజు చేతికి అంటుకున్నది తుడుచుకోమని ఇంకో ముద్ద ఇచ్చాను. దాన్ని బల్ల మీద చదును చేసి, చెయ్యి మొత్తం ఆనించి నొక్కింది. ఐదు వేళ్ళూ పడ్డాయి. 'మీ బావకి చూపించు, నేనూ మేస్త్రీనే' అంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, 'వద్దులే, చూపించకు' అంది."

తాడు విప్పాను. ముడి వాడిది. పుర్రచేతి ముడి, తిరగేసి విప్పాలి.

"మన మట్టి సంగతి నీకు తెలుసు" అన్నాడు. "చల్లగా ఉంటే రాయి, వేడి తగిలితే వెన్న. మూడు ఎండాకాలాలు ఈ కప్పు కిందే ఉంది. నేను మూత తీసి చూడలేదు. చెయ్యి ఉందో, కరిగి ఉత్త ముద్దే ఉందో నాకూ తెలియదు."

పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని కదిపాను. చప్పుడు లేదు. మూత అంచు పట్టుకుని లాగాను. తుప్పు పట్టి బిగుసుకుంది. గోళ్ళతో లాగాను. రాలేదు. బావమరిది సాయం రాబోయాడు. వద్దన్నట్టు తల ఊపాను. చెల్లెలు చేతులు తుడుచుకోవడం మర్చిపోయి నిలబడింది. నీళ్ళు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి.

మూత అంచు కింద అరచేతి మొదలు ఆనించాను. నెట్టాను.

ఒక్క నెట్టుకే కదిలింది.